పటాల బీరువా అడుగు సొరుగు

లైబ్రరీలో పుస్తకం పోవడమంటూ ఉండదు. ఉన్న చోటు తప్పుతుంది, అంతే. ఈ మాట ఇరవై తొమ్మిదేళ్లుగా ఈ యూనివర్సిటీ పిల్లలకు చెబుతూనే ఉన్నాను, ఒక్కరూ నమ్మరు. కేటలాగులో నంబరు రాసుకుంటారు, అరలో ఆ నంబరు దగ్గర ఖాళీ చూస్తారు, నా బల్ల దగ్గరికొచ్చి "లేదు మేడం" అని చేతులెత్తేస్తారు. అసలే నాకు ముక్కు మీద కోపం. అయినా లేచి వెళ్తాను. పైన రెండు అరలు, కింద రెండు అరలు చూస్తాను. నంబరులో అంకెలు తారుమారు చేసి, ఆ చోట చూస్తాను. వరుస వెనక చెయ్యి పెట్టి తడుముతాను. అప్పటికీ దొరక్కపోతే అదే రంగు అట్టలున్న వైపు వెళ్తాను, ఎందుకంటే అలసిపోయిన చెయ్యి నంబరు చూసి పెట్టదు, రంగు చూసి పెడుతుంది. పదింట తొమ్మిది దొరుకుతాయి. పిల్లలు చాటుగా నన్ను పోలీసమ్మ అంటారని తెలుసు. తెలియనట్టే ఉంటాను.

నాకు దొరకని పుస్తకాల్లో నన్ను నిద్రలో కూడా వదలనిది ఒకటుంది. సముద్రపు నాచుల రంగుల చిత్రాల పుస్తకం. వెడల్పుగా, పల్చగా, ఆకుపచ్చ గుడ్డ అట్టతో ఉంటుంది. రిజిస్టరులో దాని ఎదురుగా ఎర్ర సిరాతో "కనబడుట లేదు" అని రాసి, ముప్పై ఒక్క ఏళ్ల కిందటి తేదీ వేసి ఉంది. దాన్ని దాచింది నేనే. ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదనుకునేదాన్ని.

శుక్రవారం మధ్యాహ్నం మా వదిన ఊరి నుంచి బస్సులో వచ్చి ఆ పుస్తకమే అడిగింది.

"ఏమే పోలీసమ్మా, కుర్చీ ఇస్తావా, నిలబెట్టే మాట్లాడతావా?" అంది వస్తూనే. అంటున్నది నాతోనే గాని ముఖం కిటికీ వైపు ఉంది. వదిన నా మీద అలిగిందేమో అనుకున్నాను.

"ఏంటి వదినా, నన్ను చూడ్డానికి కూడా మనసొప్పటం లేదా?"

"చూస్తున్నానే తల్లీ. నేరుగా చూస్తే నీ ముఖం ఉండాల్సిన చోట బూడిదరంగు మచ్చ ఉంటోంది. ఇలా పక్కకి చూస్తే నువ్వు కనబడతావు. నడి కంట్లో చూపు పోయిందట. అంచులు మిగులుతాయి, నడుమది తిరిగి రాదు అన్నాడు డాక్టరు." కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినట్టు చెప్పి, సంచిలోంచి స్లిప్పు తీసి బల్ల మీద పెట్టింది. అరచేతంత అక్షరాలతో ఆ పుస్తకం పేరు. "అంచులైనా ఉండగానే ఈ బొమ్మలు ఒక్కసారి చూడాలి. మీ కింది హాలు సోమవారం మూసేస్తున్నారటగా?"

మూసేస్తున్నారు. కింది హాల్లోని పుస్తకాలు ఊరి బయట గోదాముకు వెళ్తాయి. లెక్కలో లేని కాగితం, పాత చెక్క సామాను తూకానికి వెళ్తాయి. అదంతా ఆమెకు చెప్పాను. ఆ పుస్తకం ఎప్పుడో పోయిందని మాత్రం నోరు పెగల్లేదు.

వదిన కాకముందు ఆమె నా క్లాసుమేటు. ఒకసారి వింటే చాలు, పొల్లుపోకుండా అప్పజెప్పేది గనక అందరం చిలక అనేవాళ్లం. ఒకే బెంచీ, ఒకే దువ్వెన. ఇద్దరిదీ వృక్షశాస్త్రం, ఉన్నదేమో ఒక్క పరిశోధన సీటు. పరీక్షలో ఆఖరి ప్రశ్న ఆ నాచుల పుస్తకంలోంచే అని మాస్టారు ముందే చెప్పారు. ఉన్నది ఒకే కాపీ, ఇంటికివ్వరు. పరీక్షకు నాలుగు రోజుల ముందు, నేను సగం చదివాక, దాన్ని తీసుకెళ్లి న్యాయశాస్త్రం తీర్పుల సంపుటాల వెనక పడుకోబెట్టాను. ఊరందరికీ దొరక్కూడదని కాదు, చిలకకు దొరక్కూడదని. తను నాకంటే తెలివైనది. అంతకంటే కారణం లేదు.

మర్నాడు మిగతా సగం చదువుదామని వెళ్లి చూస్తే పుస్తకం అక్కడ లేదు. ఆఖరి ప్రశ్న ఇద్దరం వదిలేశాం. సీటు ముందు బెంచీలో కూర్చునే పొడుగు జడ అమ్మాయికి వెళ్లింది. చిలక బడిలో టీచరై, రెండేళ్లకు మా అన్నయ్యను పెళ్లి చేసుకుని మా ఇంటికే వచ్చింది. నేను లైబ్రరీ కోర్సు చదివి ఈ బల్ల దగ్గర చేరాను. ఆ పుస్తకం వెతకడానికే చేరానని ఎవరికీ చెప్పలేదు.

నాకు కామెర్లు వస్తే వదిన తన మంచం పక్కనే నా మంచం వేయించి నెల రోజులు కంటికి రెప్పలా చూసుకుంది. నేను పెళ్లి వద్దంటే ఇంట్లో అందరి నోళ్లూ మూయించింది. ఆమె మంచిగా ఉన్నకొద్దీ నాకు లోపల గుచ్చుకునేది. ఆడపడుచు పెత్తనం చెలాయించాల్సిన దాన్ని, తేలు కుట్టిన దొంగలా ఆమె ముందు అణిగిమణిగి తిరిగాను. "వీళ్లిద్దరికీ ఒక్కనాడైనా మాటా మాటా రాలేదు" అని మా అన్నయ్య ఇప్పటికీ అందరికీ చెప్పుకుని మురిసిపోతాడు.

"పద," అన్నాను. ఎందుకన్నానో తెలియదు. కింది హాల్లోకి దిగాం.

ఆ హాలంటే నాకు ప్రాణం. మా పాత భవనంలో అంతస్తుకీ అంతస్తుకీ మధ్య నేలను మందపాటి గాజు పలకలతో వేశారు, పై కిటికీల వెలుతురు కింది దాకా దిగాలని. వెలుతురు దిగేసరికి దానికి నాచు రంగు వస్తుంది. పైన ఎవరో నడుస్తుంటే వాళ్ల పాదాలు మా తలల మీద మెల్లగా ఈదుతూ పోతాయి. వరుసకొక దీపం, దీపానికొక మర. తిప్పితే టిక్కు టిక్కుమంటూ పది నిమిషాలు వెలిగి ఆరిపోతుంది. మనుషులు గట్టిగా మాట్లాడరు, కూడదని కాదు, ఆ వెలుతురులో గొంతు దానంతటదే తగ్గిపోతుంది.

వదిన ఒక చేత్తో నా భుజం పట్టుకుని, ఇంకో చెయ్యి పుస్తకాల వెన్నుల మీద రాస్తూ నడిచింది. "తోలు... గుడ్డ... ఇది కాగితం... మళ్లీ తోలు," అంటోంది తనలో తాను. "నీళ్లలో నడుస్తున్నట్టుందే. బయటికి పోవాలని లేదు."

నాచుల నంబరు ఉండే వరుసకు తీసుకెళ్లాను. లేదని తెలిసీ పైన రెండు అరలు, కింద రెండు అరలు చూశాను. ఈ వరుస చివరికి వెళ్లేలోపు చెప్పేయాలి అనుకున్నాను. వరుస అయిపోయింది. తర్వాతి వరుసలో అనుకున్నాను. అదీ అయిపోయింది. మూడో వరుసలో "వదినా" అని పిలిచాను కూడా. "ఊఁ" అంది. "మెట్టుంది, జాగ్రత్త" అన్నాను. అక్కడ మెట్టేమీ లేదు.

అంతలో టిక్కు టిక్కు ఆగి దీపం ఆరిపోయింది. పైనుంచి దిగే ఆకుపచ్చ వెలుతురు ఒక్కటే మిగిలింది. నేను మర కోసం తడుముకుంటుంటే మాట వినబడింది.

"ఆ పుస్తకాన్ని దాచింది నేనే."

నేనే అన్నాననుకున్నాను. ముప్పై ఒక్క ఏళ్లుగా లోపల అనుకుంటున్న మాట అదే, అక్షరం తేడా లేదు. కానీ గొంతు నాది కాదు.

"ఏమన్నావ్ వదినా?"

"నేనే దాచానే. న్యాయశాస్త్రం పుస్తకాల వెనక కనబడింది నాకు. తీసుకెళ్లి పటాల బీరువా అడుగు సొరుగు మొత్తం బయటికి లాగి, దాని కింద ఖాళీలో పెట్టి మళ్లీ సొరుగు తోసేశా. పరీక్షయ్యాక తీసేద్దామనుకున్నా. ఈలోగా ఆ బీరువాకి తాళం వేసి ఈ హాల్లోకి దింపేశారు." ఆమె చెయ్యి ఇంకా నా భుజం మీదే ఉంది. "నువ్వు ఆ ప్రశ్న వదిలేసింది నా వల్లే. నీ సీటు పోయింది నా వల్లే."

ఒక్క క్షణం నాకెంత హాయిగా అనిపించిందో చెప్పాలంటే సిగ్గుగా ఉంది. అయినా చెబుతాను. ముప్పై ఒక్క ఏళ్ల బరువు నా నెత్తి మీంచి దిగి ఆమె నెత్తికెక్కింది. ఇక నేను నోరు మెదపక్కర్లేదు. "పోనీలే వదినా, చిన్నతనం" అని పెద్దమనసుతో క్షమిస్తే సరిపోతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. ఎందుకు ఆగానో తెలియదు.

"ముందు పుస్తకం చూద్దాం పద," అన్నాను.

పటాల బీరువా హాలు చివర ఉంది. అందులో వెడల్పాటి సొరుగులు పదకొండు. దాని తలుపు మీద తూకానికి పంపే సామానంటూ సుద్దముక్కతో గుర్తు పెట్టేశారు. తాళం నా గుత్తిలోనే ఉంది, ఇరవై తొమ్మిదేళ్లుగా నా నడుముకే వేలాడుతోంది. దీపం మర తిప్పి ఇద్దరం నేల మీద చతికిలబడ్డాం. అడుగు సొరుగు తేమకు ఉబ్బి కదలనంది.

"లాగవే, తిన్నదంతా ఏమైంది?"

"నువ్వు తోసినప్పుడు ఇంత గట్టిగా తోశావేంటి?"

ఒకటీ రెండూ అనుకుని లాగాం. సొరుగు పటాలతో సహా మా ఒళ్లో పడింది. కింద బూజు, ఒక చొక్కా గుండీ, దాని పక్కన ఆకుపచ్చ గుడ్డ అట్ట. అలా చూస్తూ ఉండిపోయాను. పైన రెండు అరలు, కింద రెండు అరలు చూడమని పిల్లలకు పాఠాలు చెప్పే దాన్ని, నా పుస్తకం నా తాళం కిందే ఉంది.

చీర కొంగుతో తుడిచి ఒళ్లో పెట్టుకుని తెరిచాను. వెలుతురు తగలక రంగులు కొత్తగా ఉన్నాయి. ఎర్రటి ఈకల్లాంటి నాచు, పలచటి ఊదారంగుది, తేనెరంగులో చేతివేళ్లలా చీలింది. పేజీలు తిప్పుతుంటే ఒక కాగితం జారి నా ఒళ్లో పడింది. తిప్పి చూశాను. నా రోల్ నంబరుతో అప్పట్లో నేను రాసుకున్న స్లిప్పు. వెనకవైపు నా చేతిరాత.

వదిన ముఖం బీరువా వైపు ఉంది. ఆమె కళ్లకు ఆ అక్షరాలు అందవు. మడిచి గుప్పిట్లో పెట్టుకుంటే ఎవరికీ తెలియదు. అప్పటికే సగం మడిచాను.

"ఏదో కాగితం చప్పుడైంది. ఏంటే అది?"

"ఏదో స్లిప్పు."

"చదువు."

దీపం మర టిక్కుటిక్కుమంటోంది. మడత విప్పి చదివాను.

"శనివారం పద్నాలుగు నుంచి ముప్పై దాకా చిత్రాలు. ఆదివారం మళ్లీ తిరగెయ్యాలి." అక్కడ ఆగాను. ఇంకో వాక్యం ఉంది. ఆపేసినా ఆమెకు తెలియదు. "చిలకకి అస్సలు చెప్పకూడదు."

చదివేశాక ఏడుపు ఆగలేదు. "నేనే వదినా. న్యాయశాస్త్రం వెనక పెట్టింది నేనే. నీకు దొరక్కూడదనే పెట్టా. నీ చదువు చెడింది నా వల్ల. ఇన్నాళ్లూ నీ చేతి అన్నం తింటూ కూడా చెప్పలేకపోయా."

పైన గాజు మీద రెండు పాదాలు ఈదుకుంటూ వచ్చి, కాసేపు ఆగి, వెళ్లిపోయాయి.

"ముప్పై ఒక్క ఏళ్లు పట్టిందే నీకు," అంది చివరికి, "ఆ మూడు ముక్కలు చదవడానికి."

"నీకు తెలుసా?"

"బోటనీ చదివేదానివి, న్యాయశాస్త్రం వరుసలోంచి అటూ ఇటూ చూసుకుంటూ వస్తుంటే చూశా. వెళ్లి తీశా. చదువుకుని మళ్లీ పెట్టేద్దామనే అనుకున్నా. ఆ స్లిప్పు చూశాక చదవబుద్ధి కాలేదు. నాకు దొరక్కూడదంటే నీకూ దొరక్కూడదనుకున్నా. కోపం అలాంటిది."

"మరి ఇన్నేళ్లూ ఒక్క మాటైనా అడగలేదేం?"

"నువ్వే చెబుతావని. పెళ్లైన కొత్తలో కోపంగా ఎదురుచూశా. తర్వాత అలవాటుగా ఎదురుచూశా. నీకు కామెర్లొచ్చినప్పుడు జ్వరంలోనైనా అంటావేమోనని పక్కనే పడుకున్నా." చిన్నగా నవ్వింది. "ఇప్పుడేమో కళ్లు పోతున్నాయి, హాలు పోతోంది. నాది నేను ముందు చెబితే నీది నువ్వు చెబుతావేమో చూద్దామని వచ్చా."

"చెప్పకపోయుంటే?"

"బస్సెక్కి వెళ్లిపోయేదాన్ని. మళ్లీ నీ గడప తొక్కేదాన్ని కాదు."

ఎంత మామూలుగా అందో. నా చేతిలో, సగంలో మడత గీత పడిన ఆ కాగితం చూసుకున్నాను.

"అయితే వదినా, నా మీద నువ్వు చూపించిన ప్రేమంతా..."

"అది వేరు, ఇది వేరు. రెండూ ఉన్నాయి. పిచ్చి ప్రశ్నలు మానేసి ఆ ఎర్ర నాచు ఇటు తిప్పు."

పుస్తకం ఆమె వైపు తిప్పాను. ఆమె తల పక్కకు వంచి, కంటి చివరతో, ఒక్కో చిత్రాన్ని చాలాసేపు చూసింది. నేను పేర్లు చదువుతుంటే తర్వాతి పేరు ముందుగానే అందుకుంది. ఎప్పుడు చూసిందో, ఎలా గుర్తుందో, అడగలేదు. చిలక కదా అనుకున్నాను. దీపం రెండుసార్లు ఆరింది, రెండుసార్లు లేచి మర తిప్పాను.

పైకి వెళ్లి రిజిస్టరు తీసి ఎర్ర సిరా కింద "దొరికినది" అని రాసి, తేదీ వేశాను. ఎవరికి దొరికిందో రాసే గడి ఒకటుంది. "ఎవరి పేరు రాయను?" అని అడిగాను. ఆమె ముఖం గోడ వైపు తిప్పుకుంది. ఇందాకైతే అలిగిందనుకుని హడలిపోయేదాన్ని. కదలకుండా అలాగే కూర్చున్నాను, ఆమె నన్ను తీరిగ్గా చూసుకునేదాకా.