ఎవరూ కుట్టించుకోని ముక్క

నేను ఒక జాకెట్టు ముక్కను. ఆకుపచ్చ రంగు, దాని మీద నారింజరంగు మామిడిపిందెలు. మీ ఇంట్లోనూ నా బంధువులు ఉండే ఉంటారు. నమ్మకపోతే బీరువా కింది అర చూడండి, లేదా పాత చీరల సంచీలో చెయ్యి పెట్టండి. మమ్మల్ని ఎవరూ పారెయ్యరు, అలాగని ఎవరూ కుట్టించుకోరు.

నేను పుట్టింది ఒక మగ్గాల షెడ్డులో. అక్కడి మగ్గాలు కరెంటుతో నడుస్తాయి. ఆ మోతలో నాకు మొదట వినపడిన మాట, "పల్చగా లాగు, ఇది పెట్టుబడి సరుకు" అని. అంటే ఏమిటో అప్పుడు తెలియలేదు. రంగు వేశారు, పిందెలు అచ్చు వేశారు, కత్తిరించారు. కత్తిరించేటప్పుడే నా బతుకు ఎలా ఉండాలో తేలిపోయింది. చేతులకు సరిపోతే వీపుకు చాలను. వీపుకు సరిపోతే చేతులకు చాలను. నన్ను తొడుక్కోవడానికి చెయ్యలేదు, ఇవ్వడానికి చేశారు.

కాకినాడలో ఒక బట్టల కొట్టుకు చేరాను. అక్కడ నాకో విచిత్రం కనిపించింది. తమ కోసం కొనుక్కునేటప్పుడు ఆడవాళ్ళు బట్టను వెలుతురులోకి తీసుకెళ్ళి చూస్తారు, చీర అంచుకు ఆనించి చూస్తారు, కొట్టు మొత్తం దింపించి చివరికి మొదట చూసిందే తీసుకుంటారు. మా దగ్గరికి వచ్చేసరికి ఆ ఓపిక ఉండదు.

"పెట్టుబడికి ఓ కట్ట ఇవ్వండి" అన్నారు సరోజినిగారు.

"ఏ రంగులండీ?"

"ఏవైతేనేం? నేను కట్టుకుంటానా!"

అలా ఆవిడ బుట్టలో పడ్డాను. ఆవిడ ఉండేది ఊరి చివర కొత్తగా కట్టిన ఒక అపార్ట్‌మెంటులో. ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేసుకుని, నా మూలన ఇంత పసుపు అద్ది, రెండు తమలపాకులూ అరటిపండూ పెట్టి, పక్క ఫ్లాటు ఇందుమతిగారికి ఇచ్చారు. ఇందుమతిగారు నన్ను కళ్ళకు అద్దుకున్నారు. ఇంటికెళ్ళాక బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూసి, "పెట్టుబడిదే" అని అరలో పడేశారు. శ్రావణ శుక్రవారం వచ్చింది. ఆవిడ నా మూలన ఇంకాస్త పసుపు అద్ది, కింది ఫ్లాటు లలిత టీచరుగారికి ఇచ్చారు. టీచరుగారి బీరువాలో చాలాకాలం కలరా ఉండల వాసన పీల్చాను. తర్వాత సరోజినిగారి అబ్బాయి నిశ్చితార్థానికి టీచరుగారు నాకు మళ్ళీ పసుపు రాసి, ఎవరికిచ్చారనుకున్నారు? సరోజినిగారికే!

గుర్తుపడతారు, నవ్వుతారు, లేదా కోప్పడతారు అనుకున్నాను. ఆవిడ నన్ను నలిపి చూసి, "పెట్టుబడిదే" అని అదే అరలో పెట్టారు. మనుషులు ఇచ్చేటప్పుడూ చూడరు, పుచ్చుకునేటప్పుడూ చూడరు. పసుపు మాత్రం మర్చిపోరు.

ఆ అబ్బాయి పెళ్ళయిన మరుసటి ఏడు శ్రావణంలో సరోజినిగారి చేతుల మీదుగానే వీరవేణికి చేరాను.

వీరవేణి ఆ అపార్ట్‌మెంటు పైన రేకుల గదిలో అద్దెకు దిగిన అమ్మాయి. ఏలేశ్వరం అవతల చిన్న పల్లెటూరు. ఎనిమిదో తరగతిలో బడి మాన్పించారు. భర్త పాలవ్యాను నడుపుతాడు. ఒక్కతే కూతురు, మోక్షిత. ఆ పిల్లకు దగ్గు వస్తే వీరవేణికి నిద్ర పట్టదు, దగ్గు తగ్గితే ఎందుకు తగ్గిందో అని దిగులు. నన్ను ఇంటికి తెచ్చుకున్న రోజున ఆ అమ్మాయి చేసిన పని ఇంతవరకూ ఎవరూ చెయ్యలేదు. మడత విప్పి, నన్ను భుజం మీద వేసుకుని, అద్దంలో చూసుకుంది.

"బాగుంది కదే మోక్షీ?"

"బాగుందమ్మా. కుట్టించుకో."

కొలిచి చూసింది. చాలలేదు. ఆ వీధిలో ఎవరు బొట్టు పెట్టి పిలిచినా వీరవేణి వెళ్ళేది, వెళ్ళినప్పుడల్లా ఒక ముక్క వచ్చేది, ఏదీ చాలేది కాదు. అయినా ఒక్కదాన్నీ ఇంకొకరికి ఇవ్వలేదు. ఇవ్వవచ్చని ఆ అమ్మాయికి తెలియదు. వాళ్ళ ఊళ్ళో జాకెట్టు ముక్క పెడితే అది కుట్టించుకోవడానికే.

దసరా సెలవులు వచ్చాయి. ఆ అపార్ట్‌మెంటులో దసరా అంటే బొమ్మల కొలువు, కొలువంటే పేరంటం, పేరంటమంటే ఈమధ్య రిటర్న్ గిఫ్టు. ఒకరు ప్లాస్టిక్ డబ్బా ఇస్తే మర్నాడు ఇంకొకరు మూడు డబ్బాల సెట్టు ఇస్తారు. ఆ డబ్బాల్లో దాచడానికి ఇంట్లో ఏమీ ఉండదు కనుక డబ్బాలో డబ్బా పెట్టి అటక మీద దాస్తారు. పిల్లలకైతే వెలిగే పెన్నులూ, కూసే బొమ్మలూ. అవి మెట్లు దిగేలోపే కూయడం మానేస్తాయి.

మోక్షిత తనకూ కొలువు కావాలంది. వీరవేణి సరేనంది. సాయంత్రం ఆడుకోవడానికి కిందికి వెళ్ళిన పిల్ల వెంటనే తిరిగొచ్చేసింది.

"ఏమైందే?"

"మీ ఇంట్లో ఏమిస్తారని అడిగారు."

"నువ్వేం చెప్పావు?"

"తెలీదన్నాను. అయితే మేం రాం అన్నారు. గిఫ్టు లేకుండా అన్ని మెట్లు ఎవరెక్కుతారే అన్నారు."

పిల్ల ఏడవలేదు. ఏడ్చి ఉంటే వీరవేణికి అంత బాధ ఉండేది కాదేమో. ఈ చోట తన కూతురికి నలుగురు స్నేహితులు కావాలని ఆ అమ్మాయి ఎన్ని దేవుళ్ళకు మొక్కుకుందో నాకు తెలుసు, నేనున్న పెట్టె దేవుడి పటం కిందే ఉండేది. ఇప్పుడు ఎవరూ రాకపోతే? వచ్చి, ఉత్త చేతులతో వెళ్తూ నవ్వుకుంటే? డబ్బాలు కొనాలంటే ఆ నెల ఇంకేదో మానుకోవాలి. కొన్నా అవి అందరికంటే చిన్న డబ్బాలే అవుతాయి. వీరవేణి ఆ రాత్రి అన్నం కెలికి వదిలేసింది.

మర్నాడు పొద్దున్న పక్క ఖాళీ స్థలంలో కొమ్మలు సాచిన గోరింట చెట్టు ఒకటి ఉంటే, దాని ఆకు దూసుకొచ్చింది. "మనం గోరింటాకు పెడదాం" అంది కూతురితో.

"అది గిఫ్టా?"

"ఏమో. నా దగ్గర ఉన్నది అదే."

ఇక కొలువు మెట్లు. అట్టపెట్టెలూ, బియ్యం డ్రమ్మూ, పీటలూ పేర్చింది. వాటి మీద పరవడానికి కొత్త బట్ట ఉండాలి కదా. అప్పుడు మా పెట్టె తెరిచింది. మమ్మల్నందర్నీ నేల మీద పరిచి, ఏ రంగు పక్కన ఏది బాగుంటుందో మోక్షితను అడిగి, సూదీ దారం తీసుకుని ఒకదానికొకటి కలిపి కుట్టింది. సూది దిగినప్పుడు నొప్పి వేసిందా అని అడక్కండి. ఇంతకాలం తర్వాత ఒకరు నన్ను పట్టుకుని కూర్చున్నారు, నాకదే చాలు. నా కుడివైపు ఎర్ర ముక్క, ఎడమవైపు పసుపుపచ్చది. అందరం కలిస్తే అన్ని మెట్లకూ సరిపోయాం.

వీరవేణి ఇంటింటికీ వెళ్ళి బొట్టు పెట్టి పిలిచింది. బొట్టు పెట్టి పిలిస్తే వెళ్ళకపోవడం బాగుండదు కనుక ఆడవాళ్ళు పిల్లల్ని లాక్కుని మెట్లెక్కి వచ్చారు. అయిదు నిమిషాల్లో పోదామనే వచ్చారు. ఇంకా రెండిళ్ళు తిరగాలి మరి. అయితే వీరవేణి పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి అరచేతుల్లో చందమామలు పెట్టడం మొదలుపెట్టింది. తడి గోరింటాకు చేతులతో పిల్లలు కదలరు. పిల్లలు కదలకపోతే తల్లులు కదలరు. శనగల గుగ్గిళ్ళు పిల్లల నోట్లో పెడుతూ, ఇంకేం చెయ్యాలో తోచక, కొలువు వైపు చూడటం మొదలుపెట్టారు. బొమ్మలు ఎన్నో లేవు. మెట్లే ఎక్కువ కనపడుతున్నాయి.

మొదట సరోజినిగారు చూశారు.

"ఏమ్మా వీరవేణీ, ఆ పచ్చ ముక్క నేను నీకు పెట్టిందే కదూ?"

"ఆయ్, మీరిచ్చిందేనండి" అంది వీరవేణి సంబరంగా.

"కుట్టించుకోమని ఇచ్చాను గానీ డ్రమ్ము మీద పరవమని ఇచ్చానా?"

వీరవేణి చేతిలో గోరింటాకు ముద్ద అలాగే ఉండిపోయింది. మోక్షిత తల్లి కొంగు పట్టుకుంది.

"తప్పయితే ఇప్పుడే తీసేస్తానండి. మా అమ్మ అనేదండి, పెట్టింది వాడుకోకపోతే పెట్టినోళ్ళు చిన్నబుచ్చుకుంటారని. కుట్టించుకుందామంటే ఒక్కటీ చాల్లేదు. అందుకే అన్నీ కలిపేశానండి."

అంతలో లలిత టీచరుగారు కళ్ళజోడు సర్దుకుని ముందుకు వంగారు. "ఉండండి ఉండండి. ఈ మామిడిపిందెలు నాకు తెలుసు. సరోజినిగారూ, ఇది మీ అబ్బాయి నిశ్చితార్థానికి నేను మీకు పెట్టింది కాదూ?"

సరోజినిగారు చేతిలో గుగ్గిళ్ళు లెక్కపెట్టుకోసాగారు.

"అదేంటి టీచరుగారూ!" అన్నారు ఇందుమతిగారు. "అది మా శ్రావణ శుక్రవారానికి మీకు నేను పెట్టాను. మీరు కుట్టించుకోలేదా?"

"మీరు కొన్నదాన్ని నేను..."

"నేనెందుకు కొంటానండీ? సరోజినిగారి వ్రతంలో నాకిచ్చారు."

అందరూ సరోజినిగారి వైపు తిరిగారు. లేచి వెళ్ళిపోయే దారి లేదు, పిల్లల చేతులు ఇంకా ఆరలేదు. లలిత టీచరుగారు నా మూల పట్టుకుని చూశారు. పసుపు బొట్ల పక్కన పసుపు బొట్లు. "ఇదిగో, మనందరం సంతకాలు కూడా పెట్టాం" అన్నారు.

సరోజినిగారి పెదవులు బిగుసుకున్నాయి. తర్వాత భుజాలు కదిలాయి. అమ్మో, ఏడుస్తున్నారా అనుకున్నాను. నవ్వు! ఆపుకోలేక చేతిలో గుగ్గిళ్ళు ఒలకబోసుకున్నారు.

"నేను కొన్న ముక్క నాకే పెట్టారన్నమాట! నేను గుర్తుపట్టనైనా లేదు చూడండి. పైగా మళ్ళీ పసుపు రాసి ఈ పిల్లకంటగట్టాను!"

"మీ పిందెలు ఊరంతా తిరిగి పండి వచ్చాయి వదినా" అన్నారు ఇందుమతిగారు.

ఇక ఎవరి ముక్కలు వాళ్ళు వెతుక్కోవడం మొదలైంది. "ఆ ఎర్రది నాదే!" "నీదెక్కడిదే, అది మా ఆడపడుచు ఇచ్చింది." "పోనీ ఆ ఊదాది ఎవరిదో ఒప్పుకోండి, దాన్నైతే దెయ్యం కూడా కట్టుకోదు." పిల్లలు గోరింటాకు చేతులు గాల్లో పెట్టుకుని తల్లుల్ని వింతగా చూశారు. ఆ సాయంత్రం ఎవరూ ఇంకో పేరంటానికి వెళ్ళలేదు. వెళ్ళేటప్పుడు వీరవేణి పండూ తాంబూలం మాత్రమే ఇచ్చింది, బెదురు బెదురుగానే ఇచ్చింది. ఇంకేమైనా ఉందా అని ఒక్కరూ అడగలేదు.

మర్నాడు పొద్దున్నే రేకుల గది తలుపు దబదబా బాదారు. వీరవేణి భయపడుతూ తీసింది. గుమ్మంలో నిన్నటి పిల్లలు.

"మోక్షీ, నాదెంత ఎర్రగా పండిందో చూడు!"

"దానిది కాదు, నాదే ఎరుపు. మోక్షి చెప్పాలి!"

మోక్షిత న్యాయం చెప్పడానికి వాళ్ళతో పాటు మెట్లు దిగి పరిగెత్తింది. అన్నానికి పిలిస్తే గానీ పైకి రాలేదు. వీరవేణి తలుపు దగ్గరే నిలబడి కళ్ళు తుడుచుకుంది.

లోకం మారిపోయిందని నేననను. ఇందుమతిగారు అప్పటికే ప్లాస్టిక్ బుట్టలు కొనేశారు కనుక తన పేరంటంలో వాటినే ఇచ్చారు. "తెచ్చేశాను, ఏం చెయ్యను, తీసుకోండి" అని మొహమాటపడుతూ ఇచ్చారు. కానీ దసరా అయిన వారానికి సరోజినిగారు ఒక పెద్ద మూటతో రేకుల గదికి వచ్చారు. మూట విప్పితే అన్నీ మా బంధువులే. అరలో ఎన్నేళ్ళుగా ఉన్నారో పాపం.

"నా కోడలికి నెలలు నిండుతున్నాయి. బయట కొన్న పరుపులూ దుప్పట్లూ వద్దంటున్నాను. వీటన్నిటితో ఓ బొంత కుట్టిపెడతావా? కూర్చోడానికి నేనూ వస్తాను. కుట్టడం రాదు గానీ సూదిలో దారం ఎక్కిస్తాను."

వీరవేణి కొలువు గుడ్డ కుట్లు విప్పి నన్నూ తెచ్చి ఆ మూటలో కలిపింది. లోపల తన పాత నూలు చీర మడతలు వేసింది. మధ్యాహ్నాలు సరోజినిగారు వచ్చేవారు, ఇందుమతిగారు వచ్చేవారు, మోక్షిత మా మీద పడుకుని బడి పాఠం చదివేది. పిల్ల దగ్గితే వీరవేణి ఇంకా ఉలిక్కిపడుతుంది. అయితే ఇప్పుడు ఆ ఉలికిపాటు చూసి "మా వాడూ అలాగే దగ్గేవాడమ్మా, ఏం కాదు" అని చెప్పడానికి పక్కన ఒకరున్నారు.

బారసాల వచ్చింది. ఎవరూ ఏమీ తేవద్దని సరోజినిగారు ముందే చెప్పారు. సగం మంది విన్నారు, సగం మంది అలవాటుకొద్దీ తెచ్చారు. వీరవేణి మా బొంతను ఉయ్యాలలో పరిచింది, పసివాణ్ణి నా మీద పడుకోబెట్టారు. అంత వెచ్చగా ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు.

కోడలి తల్లి ఉయ్యాలలోకి తొంగిచూశారు. నన్ను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపారు. "ఇంత బాగా కుట్టారే! వీడు తడిపి పాడుచేస్తాడు వదినగారూ. తీసి దాచండి, రేపెవరికైనా పెట్టడానికి పనికొస్తుంది."

నా పోగులన్నీ బిగుసుకున్నాయి.

"వద్దు వదినగారూ" అన్నారు సరోజినిగారు. "ఉండనివ్వండి. తడిపితే ఉతుక్కుంటాం."

ఆవిడ మాట పూర్తయ్యేలోపే వాడు తడిపేశాడు.