వంగి ఆగితే

కల్వర్టుకు రెండువైపులా రోడ్డు కొట్టుకుపోయింది. మధ్యలో మిగిలిన కాంక్రీటు పలక మీద కిషోర్ ఒక్కడే ఉన్నాడు.

చర్ల దగ్గరి హాస్టల్లో ఆటల టీచరుగా పనిచేసే చెల్లెలు మధులతను కొత్తగూడెం తీసుకెళ్దామని పొద్దున బైకు మీద వచ్చాడు. తిరుగుదారిలో వాగు కల్వర్టును ఒరుసుకుంటూ పారుతోంది. బరువు తగ్గుతుందని ఆమె ముందే నడిచి దాటింది. అతను బైకు తోసుకుంటూ చివరిదాకా వచ్చాడో లేదో, ముందున్న మట్టికట్ట జారింది. ముందు చక్రం గాలిలోకి దిగింది. చేతులు వదిలేశాడు కాబట్టి బైకు ఒక్కటే పోయింది. వెనక్కి తిరిగితే అటు కట్ట కూడా లేదు.

ఫోన్లో సిగ్నల్ లేదు. పోలీసు క్యాంపు దూరం. మధులత విసిరిన చున్నీ కొస నీళ్లలోనే పడింది. పలక వణకడం ఒడ్డు నుంచే కనబడుతోంది.

మిగిలింది దూకడమే. పలకకూ ఒడ్డుకూ మధ్య, మనిషి పడుకుని తల మీదికి చేతులు చాచినంత ఖాళీ. పలకంతా బురద, పరుగెడితే జారిపోతాడు. నిలబడ్డ చోటి నుంచే ఎగరాలి. బొగ్గు బావిలో పనిచేసే అన్న తొడలకు ఆ బలం ఉందని ఆమెకు తెలుసు.

ముందు పలక మీదే ఒకసారి ఎగిరి చూస్తానన్నాడు. వంగి గొంతుక్కూర్చున్నాడు. అలాగే ఆగి, నీటి చప్పుడు విని, అప్పుడు ఎగిరాడు. పడిన చోటును మధులత కళ్లతోనే కొలిచింది. మూరెడు తక్కువ.

బలం చాలక కాదు. బావిలో పైకప్పు చిటుక్కుమంటే చాలు, వంగి, కదలకుండా, ఎటు పోవాలో చెవులతో తేల్చుకోవడం అతనికి ఏళ్లనాటి అలవాటు. అక్కడ బతికించిన అలవాటు ఇక్కడ చంపేలా ఉంది. గబుక్కున వంగినప్పుడు తొడ, పిక్క కండరాలు, మడమ వెనక స్నాయువు రబ్బరులా సాగుతాయి. వెంటనే లేస్తే ఆ సాగిన బలం కూడా మనిషిని పైకి నెడుతుంది. అడుగున ఆగితే అది కాస్తా ఇగిరిపోతుంది.

“అన్నా, కూసోకు,” అంది. “నిటారుగ నిలబడు. చేతులు పైకెత్తు. కిందికి పోయినట్టే పోయి లెవ్వాలె. నడుమ ఆగొద్దు.”

“ఆగకపోతే ఎట్ల చూసుకోవాలె?”

“నీళ్లను నేను చూస్త. నువ్వు నన్ను చూడు.”

“హాస్టల్ పిల్లలను గూడ గిట్లనే సతాయిస్తవా?”

“వాళ్లు చెప్పినట్టు ఇంటరు.”

చేతులెత్తాడు. దిగాడు. మళ్లీ అడుగున ఆగిపోయాడు. పలక ఒక మూల కుంగింది.

మాటలతో ఆ ఒళ్లు మారదని ఆమెకు అర్థమైంది. అతనికి ఎదురుగా నిలబడి తనూ చేతులెత్తింది. “నాతోని దిగు. నాతోని లెవ్వు.”

ఆమె దిగింది. అతనూ దిగాడు. ఆమె లేచింది. ఆగడానికి అతనికి వ్యవధి దొరకలేదు. చేతులు వెనక నుంచి ముందుకు ఊగాయి. తుంటి, మోకాలు, చీలమండ వరసగా విచ్చుకున్నాయి. పాదాలు పలకను వదిలాయి.

కుడికాలు ఒడ్డు అంచు మీద నిటారుగా దిగింది. మోకాలు లోపలికి మెలిపడి టప్పుమంది. వెనక్కి తూలుతున్నవాణ్ని ఆమె చొక్కా పట్టి లాగేసింది. ఇద్దరూ గడ్డిలో పడ్డారు. వెనకాల పలక నెమ్మదిగా ఒరిగి నీళ్లలోకి పోయింది.

ఎగరడం చెప్పింది. ఒడ్డు మీద కాలు మోపేటప్పుడు మోకాళ్లు వంచాలని చెప్పనే లేదు.

అతని పిక్క పట్టి మెల్లగా ముందుకు లాగి చూసింది. మోకాలి కింది ఎముక కదలాల్సిన దానికన్నా ఎక్కువ కదిలింది; లోపలి కట్టు తెగినట్టుంది.

“మళ్ల బాయిల దిగుతనా?” అన్నాడు కిషోర్, ఆమె ముఖమే చూస్తూ.

“తెల్వది,” అంది మధులత. “ముందు దవాఖానాకు పోదాం.”

అతని చేయి తన మెడ చుట్టూ వేసుకుంది.