బోర్డు మీది ఏడు అంకె

ఏ మాటకా మాటే చెప్పుకోవాలి. అచ్యుతరామారావు చేతిరాత లాంటి చేతిరాత ఆ కాలవల ఆఫీసులోనే కాదు, విజయవాడ మొత్తం వెతికినా దొరికేది కాదు. పద్దెనిమిదేళ్ళుగా డ్రాయింగు సెక్షనులో ట్రేసరు. లాకుల పటాలూ, తూముల పటాలూ ట్రేసింగు కాగితం మీదికి ఎక్కించడం ఆయన పని. తప్పు పడితే సగం బ్లేడుతో సిరా గీకి, ఆ చోటుని బొటనవేలి గోటితో రుద్ది నునుపు చేసి, మళ్ళీ గీసేవాడు. వెలుతురుకి అడ్డం పెట్టి చూసినా ఎక్కడ దిద్దాడో కనిపెట్టడం ఎవరి తరమూ అయ్యేది కాదు. అంత చెయ్యి ఉన్న మనిషికి ఇంకొకరిని చూసి కుళ్ళుకోవాల్సిన ఖర్మేమిటని మీరు అడగచ్చు. ఆ మాట ఆయన భార్య బాలాత్రిపురసుందరి కూడా అడిగింది. ఆయన పప్పులో ఉప్పెక్కువైందని కంచం ముందునుంచి లేచిపోయాడు.

సంగతేమిటంటే, ఏటా ఫిబ్రవరిలో భవానీపురంలో బాల్ బ్యాడ్మింటన్ పోటీలు జరిగేవి. గుడివాడ, తెనాలి, రేపల్లె, అవనిగడ్డ, నూజివీడు, ఇలా డెల్టాలో పేరున్న ఊళ్ళ జట్లన్నీ వచ్చేవి. మూడు వారాలు, ముప్పై ఆటలు. సాయంత్రం జరగబోయే ఆటలో ఎవరు గెలుస్తారో ఆఫీసులో ఇరవైరెండు మంది పొద్దున్నే చెప్పి రాయించుకోవాలి. గెలిచే జట్టుని సరిగ్గా చెబితే రెండు మార్కులు. వరసగా రెండు గేములూ కొట్టేస్తుందని కూడా చెప్పి, అదీ నిజమైతే ఇంకో మార్కు. ఇందులో డబ్బు మాట లేదు. పోటీలు అయిపోయాక అందరికంటే ఎక్కువ మార్కులు వచ్చినవాడికి మధ్యాహ్నం విందు. తలా ఒక వంటకం ఇంట్లో చేయించి క్యారేజీలో పట్టుకురావాలి. ఆ విందులో రెండే విస్తర్లు వేసేవారు. మొదటిది గెలిచినవాడికి, రెండోది మార్కుల పట్టీ రాసినవాడికి. మిగిలినవాళ్ళంతా చుట్టూ నిలబడి వడ్డించడమే.

ఆరేళ్ళుగా గెలిచేవాళ్ళు మారుతూ వచ్చారు. రెండో విస్తరి మాత్రం అచ్యుతరామారావుదే.

ఆయన పట్టీ చూసి తీరాల్సిందే. నిలువెత్తు డ్రాయింగు షీటు మీద ఎడమవైపు ఇరవైరెండు పేర్లు, పైన ముప్పై ఆటలు, మధ్య గళ్ళు, మొత్తాలకి ఎర్ర సిరా. పొద్దున పదిన్నరకి టీ వచ్చేసరికి ఏడు సెక్షన్ల జనమూ ఆయన బల్ల చుట్టూ మూగేవారు. నా మార్కులెన్ని గురువుగారూ, నిన్నటి ఆట ఎక్కించారా, అని ఒకరి భుజాల మీంచి ఒకరు తొంగి చూసేవారు. ఆయన తల ఎత్తకుండా, పెన్ను దించకుండా, ఉండవయ్యా అనేవాడు. ఆ ఉండవయ్యా అనడం కోసమే ఆయన మిగతా పదకొండు నెలలూ బతికేవాడంటే అబద్ధం కాదు. పటం ఎంత బాగా గీసినా కింద సంతకం ఇంజినీరుగారిది. పట్టీ ఒక్కటే ఆయనది.

పందొమ్మిది వందల డెబ్బై నాలుగులో పోటీలు మొదలైన రెండో రోజున ఆయన బావమరిది పెళ్ళికని గుడివాడ వెళ్ళాడు. రెండు రోజుల సెలవు. మనిషి లేడని ఆటలు ఆగవు కదా. సర్వేయరు హనుమయ్య ఊరుకోలేక, బందరు నుంచి కొత్తగా బదిలీ మీద వచ్చిన టైపిస్టు మార్తని పట్టీ కొట్టిపెట్టమని అడిగాడు. అడిగిందే తడవుగా ఆమె ఎస్టిమేట్లు కొట్టే వెడల్పాటి టైపు మిషను మీద దాన్ని ఎక్కించింది. మార్తకి నలభై దాటాయి, ముక్కు మీద కళ్ళద్దాలు, ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. వాళ్ళ తమ్ముడు ఒకప్పుడు బందరు జట్టులో ఆడాడట. పేర్లూ గళ్ళూ అంకెలూ వరసలు తప్పకుండా కొట్టి, ఉల్లిపొర అనే పల్చటి కాగితాల మధ్య కార్బన్లు పెట్టి, ఒక్కసారిగా ఏడు ప్రతులు తీసింది. పైది నోటీసు బోర్డు మీదికి, మిగిలిన ఆరూ ఆరు సెక్షన్లకి. డ్రాయింగు సెక్షను బోర్డు పక్కనే కాబట్టి దానికి వేరే కాపీ అక్కర్లేదు.

సెలవు నుంచి తిరిగొచ్చిన రోజు అచ్యుతరామారావు షీటు పరిచి, ఎర్ర సిరా మూత తీసి, పదిన్నర కోసం కూచున్నాడు. టీ వచ్చింది. టీ చల్లారింది. బల్ల దగ్గరికి ఒక్క పురుగు రాలేదు. ఎవరి కాపీ వాళ్ళ దగ్గర ఉంది, ఎవరి కుర్చీలో వాళ్ళు కూచుని చూసుకుంటున్నారు. హనుమయ్య అయితే కాపీ మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, ఇంటికి కూడా పట్టుకుపోతున్నాడు.

ఆ మధ్యాహ్నం మార్త తనే వచ్చింది. మీరు లేరని నేను కొట్టానండీ, ఇకమీదట మీరు అంకెలు చెబితే నేను కొడతాను, ఇద్దరం కలిసి చేద్దాం అంది. ఆమె మాటలో ఏ వంకరా లేదు. కానీ అచ్యుతరామారావుకి అప్పటికే ఒళ్ళు మండుతోంది. నాకు ఇంజినీరుగారి పని చాలా ఉంది, ఆటలు మీరే చూసుకోండి అన్నాడు. ఈ ఏడాది ఆటలకి తన పేరు కూడా ఇవ్వనన్నాడు. ఆమె సరేనండీ అని వెళ్ళిపోయింది.

వద్దన్నవాడు వద్దన్నట్టు ఉంటాడా? ఉండలేకపోయాడు. ఆ మిషను టకటక వినపడితే చాలు, చెవిలో జోరీగ దూరినట్టు అయ్యేది. రోజూ ఐదు గంటలకి ఆమె ప్రతులు తీసి పంచే వేళకి సంచీ తగిలించుకుని బయటపడేవాడు, ఆ పంపకం చూడలేక. పొద్దున మాత్రం అందరికంటే ముందు వచ్చి బోర్డు మీది కాగితాన్ని తప్పుల కోసం గాలించేవాడు. కూడికలు వేలు పెట్టి చూసేవాడు. ఒక్క తప్పు దొరికితే ఒట్టు. దొరికిందల్లా ఒకటే. ఆ మిషను ఏడు అంకె కుంటిది. తక్కిన అంకెలన్నీ బుద్ధిగా వరసలో నిలబడితే, అది మాత్రం గీత కిందికి జారి, తోక విరిగి పడేది. ఇదీ ఒక రాతేనా అని అచ్యుతరామారావు ఇంట్లో చెప్పని పూట లేదు.

ఒకరోజు అన్నం వడ్డిస్తూ బాలాత్రిపురసుందరి నిదానంగా అడిగింది. "ఏమండీ, మీకు కావలసింది పట్టీయా, చుట్టూ జనమా?"

ఆయన ఆ రాత్రి మజ్జిగ కూడా పోసుకోలేదు.

మూడో వారానికి ఇంకా మూడే ఆటలు మిగిలాయి. నలభై నాలుగు మార్కులతో అందరికంటే ముందున్నవాడు ఎవరనుకున్నారు? అటెండరు పుల్లయ్య. చదువు రాదు గాని అంకెలు వచ్చు, ఆట అంతకంటే బాగా వచ్చు. ఇంజినీరుగారు మొదలుకుని అందరూ తనకి వడ్డిస్తారని ఇంట్లో చెప్పుకుని మురిసిపోతున్నాడు. మార్త నలభై ఒకటితో మూడో చోట ఉంది. పుల్లయ్య పక్కన రెండో విస్తరి ముందు మార్త కూచుంటుందని, ఆమె ఇష్టమని గోంగూర రొయ్యలు తెస్తానని హనుమయ్య వరండాలో అందరికీ చెబుతున్నాడు. అది అచ్యుతరామారావు చెవిన పడింది. నూనె వంకాయ వడ్డించుకు తినే తన విస్తరి అది. ఆ మాట ఆయన కడుపులో పెట్టుకుని ఇంటికి వెళ్ళాడు, పొద్దున దాన్ని పెట్టుకునే తిరిగొచ్చాడు.

గురువారం తొమ్మిదిన్నర కాకముందే వచ్చాడు. పుల్లయ్య తలుపులు తీసి, ఎంత పొద్దున్నే వచ్చారండీ అంటూ, ఆయనకి టీ తేవడానికి వెళ్ళాడు. గదిలో ఎవరూ లేరు. అచ్యుతరామారావు బోర్డు మీది కాగితం పిన్నులు తీసి తన బల్ల మీద పరిచాడు. మార్త పేరుకి ఎదురుగా నలభై ఒకటి. ఒకటిని గీకి ఏడు చేస్తే నలభై ఏడు. పుల్లయ్యని దాటి ఆమే మొదటికి వెళ్ళినట్టు ఉంటుంది. పట్టీ చేతిలో ఉందని తన మార్కులు తనే పెంచుకుందని ఆఫీసంతా అనుకుంటుంది. అటెండరు నోటి దగ్గర విస్తరి లాగేసిందంటారు. ఇక ఆమె పట్టీ మొహం ఎవరు చూస్తారు?

చేసేది పాపమని తెలియక కాదు. చెయ్యి ఆగలేదు, అంతే.

బ్లేడు అంచుతో మెల్లగా, ఊపిరి బిగబట్టి గీకాడు. గోటితో రుద్దాడు. నల్ల సిరాలో కలం ముంచి ఏడు వేశాడు. వేసేముందు మిషను ఏడు గుర్తుకొచ్చింది, కిందికి జారి, తోక విరిగి. అలాగే వెయ్యాలని తెలుసు. కానీ పద్దెనిమిదేళ్ళలో ఆయన చేత్తో ఒక్క వంకర అంకె పడలేదు. పడేట్టు వేద్దామన్నా చెయ్యి ఒప్పుకోలేదు. గీత మీద నిటారుగా, తోక నున్నగా, చక్కని ఏడు పడింది. కొంచెం దూరంగా పెట్టి చూసుకున్నాడు. నిజం చెప్పొద్దూ, ముచ్చటేసింది.

ఆయన మరిచిన సంగతి ఇంకొకటి ఉంది. ట్రేసరు పనిలో పటం దిద్దితే అన్నీ దిద్దినట్టే. దాని మీంచి తీసే నీలం ప్రింట్లన్నీ తర్వాతే కదా వచ్చేది. మార్త ప్రతులు అలా కాదు. ఆరు కాపీలు ముందురోజు సాయంత్రమే ఆరు సెక్షన్లకీ వెళ్ళిపోయాయి. ఏ ఐదు గంటల పంపకాన్ని చూడలేక పారిపోయేవాడో, అదే ఆయన లెక్కలోకి రాలేదు.

పదిన్నరకి టీ వచ్చింది. బోర్డు ముందు మొదట ఆగింది పుల్లయ్యే. నలభై ఏడు చూశాడు. తన నలభై నాలుగు చూశాడు. టీ ట్రే పట్టుకుని గుమ్మం పక్కన స్టూలు మీద కూలబడ్డాడు. అచ్యుతరామారావు ఆ మొహం వైపు చూడలేక పటంలోకి తల దూర్చాడు. వెనకనుంచి హనుమయ్య గొంతు వినపడింది.

"మార్తగారూ, బోర్డు మీద మీకు ఆరు మార్కులు ఎక్కువున్నాయేంటండీ?"

ఏడు సెక్షన్లూ కదిలాయి. మార్త తన బల్ల దగ్గరనుంచి లేచి వచ్చింది. ఆమె మొహంలో రంగు పోయింది. ఒక్క క్షణం, ఆ ఒక్క క్షణం అచ్యుతరామారావు కడుపు చల్లబడింది. మూడు వారాలుగా మండుతున్న చోటే. అప్పుడే హనుమయ్య జేబులోంచి కాపీ తీసి బోర్డు మీది కాగితం పక్కన పెట్టాడు. ఇందులో నలభై ఒకటే ఉందే అన్నాడు. ఎస్టాబ్లిష్‌మెంటు వాళ్ళు వాళ్ళది తెచ్చారు. అకౌంట్సు వాళ్ళదీ వచ్చింది. అన్నింట్లోనూ నలభై ఒకటే. బోర్డు మీద ఒక్కచోటే ఏడు.

మార్త కళ్ళద్దాలు సరిచేసుకుని కాగితానికి దగ్గరగా వెళ్ళింది. అదే కాగితంలో ఇంకో రెండు చోట్ల ఏడులు ఉన్నాయి, ముప్పై ఏడులో ఒకటి, ఇరవై ఏడులో ఒకటి. రెండూ కుంటివే. తన పేరు ఎదురుగా ఉన్నది మాత్రం నిటారుగా నిలబడి ఉంది. ఆమె వేలితో దాన్ని తాకి చూసింది. హనుమయ్యా చూశాడు. చూసిన వాళ్ళు ఒక్కొక్కళ్ళూ డ్రాయింగు బల్ల వైపు తిరిగారు. అలాంటి ఏడు వెయ్యగల చెయ్యి ఆ ఆఫీసులో ఒక్కటే ఉంది. ఆరేళ్ళుగా ఆ చేతి ఏడులు పట్టీలో చూసినవాళ్ళే వాళ్ళంతా.

మార్త పిన్నులు తీసింది. కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని అచ్యుతరామారావు బల్ల మీద పెట్టింది. జనమంతా ఆమె వెనకే వచ్చారు. భుజాల మీంచి తొంగి చూస్తూ బల్ల చుట్టూ మూగారు. పుల్లయ్య కూడా స్టూలు మీంచి లేచి వచ్చి నిలబడ్డాడు.

"ఏడు బాగా కుదిరిందండీ," అంది మార్త. గొంతులో కోపం లేదు. "మా మిషనుకి ఇంత మంచి ఏడు ఎప్పుడూ పడలేదు."

ఆమె కాగితాన్ని ఆయన ముందుకి జరిపింది.

"దీన్ని మళ్ళీ ఒకటి చేసిపెట్టండి. నేను రబ్బరుతో తుడిస్తే మరకవుతుంది. మీ చేతికైతే తెలీకుండా పోతుంది."

ఒక్కళ్ళూ నవ్వలేదు, ఒక్కళ్ళూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. అచ్యుతరామారావు బ్లేడు తీశాడు. ఆరేళ్ళుగా ఇష్టపడ్డ గుంపే అది, అదే పదిన్నర, అవే భుజాలు. ఉండవయ్యా అనడానికి ఇప్పుడు ఒక్కడూ తొందరపెట్టడం లేదు. రెండో విస్తరి సంగతి ఆయనకి ఆ నిమిషాన గుర్తే లేదు. ఏడు మీద బ్లేడు అంచు ఆనించాడు.

సిరా పైపొర వచ్చింది. ఇంకొంచెం గీకాడు. ఏడు తోక సన్నబడింది. పుల్లయ్య ఊపిరి చెవి పక్కన తగులుతోంది. అది ట్రేసింగు కాగితం కాదు, ఉల్లిపొర. పొద్దున ఒకసారి గీకిన చోటు. ఆ విషయం చేతికి తెలిసేలోపే బ్లేడు అవతలికి దిగిపోయింది. పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి ఆయన చేతికింద కాగితానికి చిల్లు పడింది.

"నేనే వేశానమ్మా," అన్నాడు అచ్యుతరామారావు. తల ఎత్తలేదు. "కుళ్ళు ఆపుకోలేక వేశాను."

"తెలుసండీ," అంది మార్త.

ఆమె కాగితం తీసుకుని వెళ్ళి, మళ్ళీ బోర్డు మీదే పిన్నులతో గుచ్చింది. కొత్తది కొట్టలేదు. మిగిలిన మూడు ఆటలూ అయ్యేదాకా అది అలాగే ఉంది. మార్త పేరుకి ఎదురుగా ఒక నాలుగు, దాని పక్కన చిల్లులోంచి బోర్డు మీది ఆకుపచ్చ గుడ్డ. అటుగా వెళ్ళిన ప్రతివాళ్ళూ ఒక క్షణం ఆగి చూసి వెళ్ళేవారు. ఆయన మాత్రం ఆ రోజులన్నీ వెనక గుమ్మంలోంచి వచ్చి, వెనక గుమ్మంలోంచే వెళ్ళాడు.