డిస్కు మీద తేదీ

ఆ వేసవిలో రెజీనా టీచరు ఇంట్లో కంప్యూటరు బాగా మొరాయించింది. ఆన్ చేసి, వంటింట్లోకి వెళ్లి కూరగాయలు తరిగి వచ్చినా తెర మీద చుక్కలు ఇంకా గుండ్రంగా తిరుగుతూనే ఉండేవి. సెలవులు అయిపోయేలోపు బాగు చేయించాలని ఒక శనివారం పొద్దున దాన్ని ఆటోలో వేసుకుని సూళ్లూరుపేట స్టేషన్ రోడ్డులో యెహోషువ అంగడికి తీసుకెళ్లింది. యెహోషువ ఆమె వెళ్లే చర్చిలోనే కీబోర్డు వాయిస్తాడు. నలభై దాటినవాడు, నెమ్మదస్తుడు.

కొత్తది కొనాల్సిన పనేమీ లేదని అతను చెప్పాడు. ఇలాంటి కంప్యూటర్లకు కంపెనీవాళ్లు డిస్కులో ఒక మూల మనకు కనబడని భాగం పెట్టి ఇస్తారనీ, దాన్ని రికవరీ పార్టిషన్ అంటారనీ, ఒక మీట నొక్కితే అందులోనుంచి అన్నీ మళ్లీ కొత్తగా ఎక్కి, యంత్రం కొన్ననాడు ఎలా ఉందో అలా అయిపోతుందనీ వివరించాడు. మీట నొక్కాడు. ఆ భాగం లేదని తెర మీద వచ్చింది.

కంగారు పడవద్దన్నాడు. ఎవరో తెలియక చెరిపేసి ఉంటారు, చెరిపినా ఆనవాళ్లు మిగులుతాయి, వెతికి తిరిగి నిలబెట్టవచ్చు అని, అందుకోసం ఒక ప్రోగ్రాం వేసి వదిలాడు. సాయంత్రం రమ్మన్నాడు.

రెజీనా వెళ్లేసరికి సీపీయూ పెట్టె మూత విప్పి ఉంది. యెహోషువ ముందుగా కుర్చీ చూపించి, తర్వాత అడిగాడు.

"టీచరమ్మా, ఇది ఎప్పుడు కొన్నారు?"

"రెండువేల పదహారులో. ఫిబ్రవరి. ముందు నవంబరులో వరదొచ్చింది చూడు, దాని తర్వాత."

"మళ్లీ డిస్కు మార్పించినారా?"

లేదంది. ఐదేళ్ల కిందట ఒకసారి ఆగిపోతే మా నరేంద్ర చెన్నైకి తీసుకెళ్లి బాగు చేయించి తెచ్చాడనీ, వైరస్ వచ్చి డిస్కులో ఉన్నదంతా చెరిగిపోయిందని చెప్పాడనీ, డిస్కు మాత్రం అదేననీ అంది.

"అదే అయితే పాత పార్టిషన్ జాడ ఒక్కటైనా తగలాలి. దీంట్లో ఏమీ లేదు. ఉండి చెరిగింది కాదు, అసలు ఎప్పుడూ లేదు." అతను డిస్కును ఊడదీసి లేబులు ఆమె వైపు తిప్పాడు. "ఇది తయారైందే రెండువేల పంతొమ్మిది మే నెలలో."

రెజీనా కళ్లజోడు సర్దుకుని ఆ తేదీని చదివింది. మళ్లీ చదివింది. షాపువాళ్లు మోసం చేసి ఉంటారు, నరేంద్రకు తెలిసి ఉండదు అంది. యెహోషువ అవునన్నట్టూ కాదన్నట్టూ కాకుండా తలూపాడు.

నరేంద్రబాబు ఆమె బడిలో తొమ్మిదేళ్లు తెలుగు చెప్పాడు. పులికాట్ సరస్సు ఒడ్డున ఉన్న ఆ బడికి ఇద్దరూ ఒకే బస్సులో వెళ్లేవాళ్లు. అక్కా అని పిలిచేవాడు. క్రిస్మస్‌కు భార్యాబిడ్డలతో వచ్చి ఆమె ఇంట్లో భోంచేసేవాడు. రెజీనాకు తోడబుట్టినవాళ్లు లేరు. ఏ ఫారం నింపినా దగ్గరి బంధువు కింద అతని ఫోను నంబరే రాసేది.

బడి ఉన్న ఊళ్లో ముసలమ్మ అనే ఆమె ఉండేది. డెబ్భై దాటినా పడవ ఎక్కేది. సరస్సులో ఏ లోతును ఏమంటారో, ఏ గాలికి ఏ పేరో, చేప పిల్లగా ఉన్నప్పుడు ఒక పేరూ ఎదిగాక ఒక పేరూ ఎందుకో, ఆమెను అడిగితే తెల్లారిందాకా చెప్పేది. సగం తెలుగు, సగం అరవం, మధ్యలో ఆ ఒడ్డుకు మాత్రమే తెలిసిన మాటలు. రెజీనా పదకొండేళ్ల పాటు బడి వదిలాక ఆమె పక్కన కూర్చుని అవన్నీ రాసుకుంది. వరదకు నోటు పుస్తకాలు సగం నానిపోతే, మిగిలినవైనా దక్కాలని ఆ కంప్యూటరు కొని, అన్నీ టైపు చేసుకుంది. ముసలమ్మ గొంతును ఫోనులో రికార్డు చేసి, ఫోను నిండినప్పుడల్లా అందులోకి ఎక్కించింది.

అది ఆగిపోయినప్పుడు నరేంద్రబాబే వచ్చి కారులో పెట్టుకుపోయాడు. వారం తర్వాత తెచ్చి హాల్లో దించి, షాపువాళ్లు మూడు రోజులు కూర్చుని చూశారనీ, ఒక్క ముక్క కూడా రాలేదనీ చెప్పాడు. రెజీనా అతని ముందే ఏడ్చింది. అతను ఆమె చేతులు పట్టుకుని, ముసలమ్మ ఉందిగా అక్కా, మళ్లీ మొదలుపెడదాం అన్నాడు. నాలుగు నెలలకు ముసలమ్మ చనిపోయింది.

తర్వాత అతనికి డాక్టరేటు వచ్చింది. పులికాట్ జాలరుల మాటల మీద. అవతలి ఊళ్లన్నీ తిరిగి తనే పోగు చేశానని చెప్పాడు. తన దగ్గర పోయింది వేరే చోటైనా దొరికిందిలే అని రెజీనా నిజంగానే సంతోషించి, బడిలో అందరికీ మైసూరుపాకు పంచింది. అతను గూడూరులో కాలేజీ లెక్చరరు అయ్యాడు. డాక్టరేటు కోసం రాసిన థీసిస్ ఒక కాపీ ఇస్తానన్నాడు, ఇవ్వలేదు. ఆమె కూడా గుర్తు చేయలేదు.

ఇప్పుడు యెహోషువను అడిగి, ఆ థీసిస్ ఎక్కడైనా దొరుకుతుందేమో చూడమంది. యూనివర్సిటీ వెబ్‌సైటులో ఉంది. అంగడిలోనే కూర్చుని పేజీలు తిప్పింది. మాటలన్నీ తెలిసినవే. అయినా ఆ మాటలు ఆ ఒడ్డున అందరివీ కదా అని మనసుకు సర్దిచెప్పుకుంటూ ముందుకు వెళ్లింది. ఎనభై ఆరో పేజీలో పడవ భాగాల పేర్లు ఉన్నాయి. పడవ మధ్య భాగానికి వాళ్లు వాడే మాట ఇచ్చి, కింద ఉదాహరణగా ఒక వాక్యం వేశాడు: 'టీచరమ్మకు ఈత రాదు, ఆమెను నడిమికి కూర్చోబెట్టండి.'

ముసలమ్మ తన కోడళ్లతో అన్న మాట అది. రెజీనా పడవ ఎక్కిన మొదటి రోజు అంది. ఆ రాత్రే రెజీనా నవ్వుకుంటూ నోటు పుస్తకంలో రాసుకుని, తర్వాత కంప్యూటరులోకి ఎక్కించింది. ఆ రోజు పడవలో నరేంద్రబాబు లేడు. అప్పటికి అతను ఆ బడికే రాలేదు.

చివరి పేజీల్లో సమాచారం చెప్పినవాళ్ల పట్టిక వెతికింది. ముసలమ్మ పేరు లేదు. 'సమాచారదాత 1, స్త్రీ, సుమారు 75' అని ఉంది.

మర్నాడు ఆరాధన అయ్యాక రైలెక్కి గూడూరు వెళ్లింది. ముందుగా ఫోను చేయలేదు. నరేంద్రబాబు భార్య తలుపు తీసి, ఎండన పడి వచ్చావేందక్కా అంటూ మజ్జిగ ఇచ్చింది. అతను లుంగీ మీద చొక్కా వేసుకుంటూ బయటికి వచ్చాడు. కుశల ప్రశ్నలు అయ్యాక రెజీనా డిస్కు మీద తేదీ సంగతి చెప్పింది. చెన్నై షాపువాళ్లు అంతే, నమ్మడానికి లేదు అన్నాడు. అప్పుడు ఆమె ఎనభై ఆరో పేజీలోని వాక్యాన్ని అప్పజెప్పింది.

భార్య ఇద్దరి ముఖాలూ చూసి లోపలికి వెళ్లిపోయింది.

"పదకొండేళ్లు పోగేసినావక్కా," అన్నాడు అతను, నేల చూస్తూ. "ఒక్క పేజీ అచ్చేసినావా? ఇంకా సరిచూడాలి, ఇంకా సరిచూడాలి అంటా ఉండినావు. నేను బయటికి తెచ్చినా. లేకుంటే నీ ఇంట్లో అట్టనే పడుండేది."

"నన్ను అడిగుంటే ఇచ్చుండేదాన్ని కదా, నరేంద్రా."

"తెలుసు."

అడిగితే ఇస్తుందని తెలిసే తీసుకున్నాడు. అడిగి ఉంటే మొదటి పేజీలో ఆమె పేరు కూడా వేయాల్సి వచ్చేది, అంతే తేడా. ముసలమ్మ పేరు ఎందుకు లేదని అడిగింది. అట్ట పేర్లు వేయరక్కా, అది పద్ధతి అన్నాడు.

"నేను ఏడుస్తా ఉంటే నా చేతులు పట్టుకున్నావే. అప్పుడు డిస్కు యాడుండింది?"

"కార్లో," అన్నాడు.

కాసేపటికి లేచి లోపలికి వెళ్లి, బీరువాలోనుంచి ఒక పాత తువ్వాలులో చుట్టిన డిస్కు తెచ్చి బల్ల మీద పెట్టాడు. పారెయ్యడానికి మనసు రాలేదన్నాడు. రెజీనా దాన్ని చేతిసంచిలో వేసుకుని, మజ్జిగ గ్లాసు వంటింటి గట్టు మీద పెట్టి, అతని భార్యకు వెళ్లొస్తానని చెప్పి బయటపడింది.

యెహోషువ ఆ డిస్కు తగిలించాడు. అది చెక్కుచెదరలేదు. అప్పట్లో చెడిపోయింది కరెంటు అందించే భాగం మాత్రమేనని తేల్చాడు. రికవరీ పార్టిషన్ కూడా తన మూలన తాను భద్రంగా ఉంది. ముందు ఆమె ఫైళ్లన్నీ రెండు చోట్ల కాపీ చేశాడు. ఆ తర్వాత పార్టిషన్‌ను చెన్నైలో వేసిన డిస్కులోకి ఎక్కించి, మీట నొక్కాడు. గంటన్నరలో కంప్యూటరు కొన్ననాటిలా తయారై, భాష ఎంచుకోమని అడుగుతూ నిలబడింది. ఎంత బాగా వచ్చిందో చూడండి టీచరమ్మా అని మురిసిపోయాడు. రెజీనా చూసి, బాగుంది అంది.

బడి తెరిచిన వారంలో ముసలమ్మ కూతురు విజయకుమారి ఇంటికి వెళ్లింది. విజయకుమారి వాకిట్లో రొయ్యలు వలుస్తూ ఉంది. రెజీనా పక్కన కూర్చుని ఫోను తీసి ఒక రికార్డింగు పెట్టింది. ముసలమ్మ గొంతు వచ్చింది. "రాసుకుంటే రావమ్మా మాటలు, ఎండ్రకాయ కరిస్తే వస్తాయి," అని టీచరమ్మను కసురుతోంది. వెనక రెజీనా నవ్వు.

విజయకుమారి చేతులు రొయ్యల గిన్నెలోనే ఆగిపోయాయి. అయిందాకా విని, మళ్లీ పెట్టమంది. రెండోసారి విన్నాక అడిగింది.

"ఇంతకాలం ఇది యాడుండింది టీచరమ్మా? పోయిందంటివే."

రెజీనా ఉన్నదున్నట్టు చెప్పింది. విజయకుమారి కోప్పడలేదు, శపించలేదు. అర్థం చేసుకోవడానికే ప్రయత్నిస్తున్నట్టు నుదురు ముడిచింది.

"ఆయన మా అమ్మ కర్మకు వచ్చినాడు కదా. మా అన్న పక్కన కూర్చుని అన్నం తిన్నాడు. ఆమె గొంతైనా లేదే అని మేం ఏడుస్తా ఉంటే, విన్నాడు కదా."

రెజీనా తనకు జరిగిందే పెద్దదనుకుంది ఇన్నాళ్లూ.

యూనివర్సిటీకి ఉత్తరం రాయమని విజయకుమారే చెప్పింది, కింద తనూ సంతకం చేసింది. ఫైళ్ల తేదీలన్నీ యెహోషువ కాగితం మీద తీసి ఇచ్చాడు. ఏడు నెలలకు జవాబు వచ్చింది. విచారించామనీ, థీసిస్ మొదట్లో ఒక పేజీ చేర్చి, సేకరించినవారుగా రెజీనా పేరూ, చెప్పినవారుగా ముసలమ్మ పేరూ వేయిస్తున్నామనీ, డాక్టరేటు మాత్రం కొనసాగుతుందనీ ఉంది. విజయకుమారి ఆ పేజీని అచ్చు తీయించుకుని గోడకు తగిలించింది.

నరేంద్రబాబు ఒకసారి ఫోను చేశాడు, రెజీనా ఎత్తలేదు. క్షమించమని మెసేజీ పెట్టాడు. క్షమించాలని ఆమెకూ తెలుసు, చర్చిలో పిల్లలకు చెప్పేదీ అదే. రోజూ పడుకునే ముందు తనవాళ్ల పేర్లు వరసగా చెప్పి ప్రార్థన చేసుకోవడం ఆమె అలవాటు. ఏళ్ల తరబడి ఆ వరసలో మొదటి పేరు అతనిదే. ఇప్పుడు కళ్లు మూసుకోగానే నోటికి అదే వస్తుంది. ఆగిపోతుంది. చాలాసేపటికి గానీ రెండో పేరుకు వెళ్లలేకపోతుంది.