రెండు మంచాల గది

నేను లేనిచోట భవాని పస్తుంటుందేమోనన్నదే అన్నిటికన్నా నా పెద్ద భయం. ఆకలేస్తోందని ఆ పిల్ల నోరు తెరిచి చెప్పదు. అడిగితే "తిన్నాను" అంటుంది, అంతే.

భవాని మా అక్క అనూరాధ కూతురు. అక్క కామెర్లతో పోయేనాటికి ఏడాది పిల్ల. శ్రీకూర్మంలో స్వామి ఎదుట నా ఒళ్లో వేశారు. అప్పట్నుంచి నన్నే అమ్మా అంటుంది. తర్వాత నాకు సాయికిరణ్ పుట్టాడు.

మాది గజపతినగరం. మా ఆయన ధర్మేంద్ర జర్మనీలో, మైన్ అనే నది ఒడ్డున ఒక చిన్న ఊళ్లో, హోటల్లో వంట చేస్తాడు. మమ్మల్ని తీసుకెళ్లాలంటే సంసారానికి సరిపడా ఇల్లు చూపించాలట, నేను వాళ్ల భాషలో పరీక్ష గట్టెక్కాలట. ఎనిమిదితో బడి మానేసినదాన్ని నేను. పుస్తకం పట్టుకుని కూర్చుంటే, నా పక్కన చేరిన భవాని నాకన్నా ముందే అంకెలు నేర్చేసుకుంది.

నేను పరీక్ష గట్టెక్కాక, 2017 వేసవిలో ఆయన ఫోన్లో రెండిళ్లు చూపించాడు.

"ఇది గుట్ట మీదున్నాది. గదొకటే, వంటిల్లు. ఎండ బాగా వస్తాది."

"రెండోది సూపించు బావా."

"ఇది నది పక్కనే. పిల్లలకి వేరే గది, రెండు మంచాలు. కానీ గోడ మీద ఆ గీతలు సూసినావా? వరద నీళ్లు ఎందాకా వచ్చాయో గుర్తులవి."

మా అత్త జగ్గమ్మ ఫోన్లోకి తల దూర్చింది. "ఒరే, మన ఊరి ఏరు సాల్లేదని ఇంకో ఏరెతుక్కున్నావేట్రా?"

"మనది పై అంతస్తులే అమ్మా. నీళ్లు అక్కడికి రావు."

కిటికీలకి ఊచలున్నాయా అని అడిగాను. లేవన్నాడు. ఒక్క పిల్లాడే అయితే గుట్ట మీద ఇల్లే అనేదాన్ని. ఇద్దరికీ చోటుండాలని నది పక్కదే తీసుకోమన్నాను.

"కిటికీ పక్క మంచం నాది!" అంది భవాని.

ఫోన్లో ఆయన మొహం మాయమైంది. సిగ్నల్ పోయిందనుకున్నాను.

ఇల్లు ఖాయం చేశాక చెప్పాడు. వీసా నాకూ సాయికేనట. భవాని మా పిల్ల అనడానికి కాగితం లేదట.

"ముందే సెప్పొచ్చు గదా బావా! దానిసేత మంచం కూడా ఏరించినావు."

"సెప్తే నువ్వు రానంటావని సెప్పలేదే."

అత్త నామీదికి తిరిగింది. "దత్తత కాగితం రాయించుకోలేదేటే?"

"అక్క కూతురికి కాగితమేటత్తా? మనలో ఎవులు రాసుకున్నారు?"



సంగతి తెలిసి భవాని కన్నతండ్రి లక్ష్మణరావు నెల్లిమర్ల నుంచి బండేసుకొచ్చాడు. దత్తతకి సంతకం పెట్టమని బతిమాలాను.

"నా పిల్లని రాసిచ్చీమంతావేటి? నేను గంజెట్టలేనా?" అన్నాడు. ఇంట్లో రెండో భార్య, ఆమెకి ఇద్దరు పిల్లలు.

భవాని సంచి పట్టుకుని తండ్రి బండెక్కింది. "అమ్మా, నా మంచం మీద తమ్ముడు పడుకున్నా పర్లేదు" అంది.

మా ఆయన ఏడాదిలో తెచ్చేసుకుందామన్నాడు. ఆ మాట పట్టుకుని విమానం ఎక్కాను. సంతకం ఇంకా పడలేదు. ఫోన్ చేస్తే లక్ష్మణరావు "ఆడుకుంటన్నాది" అని పెట్టేస్తాడు. ఒక్కసారి మాత్రం పిల్లకిచ్చాడు. ఏం తిన్నావమ్మా అంటే, "తిన్నాను" అంది. పక్కన ఎవరో గదమాయించారు. ఫోన్ తెగిపోయింది.

ఇది చదివేవాళ్లు ఎవరైనా నెల్లిమర్ల వెళితే, జూటుమిల్లు దగ్గర లక్ష్మణరావు సైకిలు షాపు ఎక్కడని అడగండి. గాలి కొట్టించుకునే వంకతో కాసేపు ఆగండి. వెనకే ఇల్లు. ఏడేళ్ల పిల్ల, ఎడమ చెవి కింద పుట్టుమచ్చ. అన్నం తిన్నావా అని మాత్రం అడగొద్దు. ఈ పూట ఏం కూరమ్మా అని అడగండి. చెప్పలేకపోతే, దయచేసి నాకు కబురు చేయండి.