రాళ్ల నడుమ గంగవాయిలి

“అంగట్ల కూర మనకొద్దు బిడ్డా. ఏం మందు కొట్టిండ్రో ఎవలకెరుక?”

సబిత మీర్‌పేట్ నుంచి వచ్చి ఇంకా చెప్పులైనా విప్పకముందే తల్లి రుక్కమ్మ అన్న మాట అది. సబితకిప్పుడు ఏడో నెల. కిందటేడు నాలుగో నెలలో ఒకటి పోయింది. ఎందుకు పోయిందో దవాఖానలో ఎవరూ చెప్పలేదు. అప్పటినుంచి రుక్కమ్మ కంటబడిన ప్రతిదాన్నీ అనుమానిస్తోంది. బోరు నీళ్లు, కోడిగుడ్లు, చేతిలో ఫోను, ఆఖరికి పక్కింటామె చూపు.

“నువ్వు వద్దన్నయన్నీ ఇడిస్తే గాలొక్కటే మిగుల్తది అమ్మా.”

“గాలి మంచిగుందని ఎవలన్నరే?”

ఆకుకూర భయం మరీ ఎక్కువ. పట్నం ఇబ్రహీంపట్నం దాకా పాకివచ్చాక, కలుపు తీసే ఆడవాళ్లంతా ఇళ్లు కట్టే పనులకు పోయారు. వాళ్ల చేతుల బదులు కూర మడుల్లోకి గడ్డిమందు దిగింది. రుక్కమ్మ పెనిమిటి నారయ్యది ఆ మందు కొట్టే పనే. వీపున పంపు తగిలించుకొని ఎవరు పిలిస్తే వాళ్ల చెలకకు పోతాడు. మొదట్లో ఎవరి దగ్గర కొట్టిందీ ఇంటికొచ్చి చెప్పేవాడు. చెప్పినప్పుడల్లా రుక్కమ్మ ఆ బావి నీళ్లనూ, ఆ గట్టున మేసిన బర్రె పాలనూ తలచుకొని ఇల్లు పీకి పందిరి వేసేది. విని విని అతను చెప్పడం మానేశాడు. బయటే బట్టలు విప్పి, స్నానం చేసి, తిని పడుకుంటాడు.

కూతురు వచ్చిన మర్నాడు పొద్దున్నే రుక్కమ్మ ఊరి చివరకు పోయింది. అక్కడి చెలక ప్లాట్లయి చాలా కాలమైంది. తెల్ల రంగు వేసిన హద్దురాళ్లే గాని పంటన్నది లేదు. పంట లేనిచోట మందెవరు కొడతారు? రాళ్ల నడుమ గంగవాయిలి దళసరి ఆకులతో నిగనిగలాడుతూ నేలంతా పరుచుకొని ఉంది. ఒడినిండా కోసుకొచ్చి, కడిగిందే కడిగి, పప్పులో వేసి వండింది.

“ఏడిదే కూర?” అన్నాడు నారయ్య పళ్లెం ముందు కూర్చొని.

“నీ మందు తగలని జాగది. తిను.”

అతను నవ్వాడు. సబిత మళ్లీ వేయించుకొని తిన్నది. బిడ్డ తింటుంటే ఇన్నాళ్లకు రుక్కమ్మకు గుండె కుదుటపడింది.

ఆ కూర మీదే మనసుపడి వారం తిరిగాక సబిత మళ్లీ అడిగింది. రుక్కమ్మ పోయి చూస్తే ప్లాట్లన్నీ పసుపుపచ్చగా మాడి ఉన్నాయి. గంగవాయిలి కాడలు పట్టుకుంటే చేతిలోనే మెత్తబడి చితికిపోయాయి. ప్లాట్లు అమ్మే శ్రీపాల్, హయత్‌నగర్ నుంచి వచ్చిన బేరగాళ్లకు హద్దులు చూపిస్తున్నాడు.

“ఇదేంది శ్రీపాలూ, ఇట్లయింది?”

“కొనేటోళ్లకు రాళ్లు కనబడాలె గదా వదినె. నారయ్యన్నతోటే కొట్టిపిచ్చిన. నీకు చెప్పలే?”

రుక్కమ్మ ఇంటికి ఎట్లా వచ్చిందో ఆమెకే తెలియదు. నారయ్య వాకిట్లో పంపు కడుగుతున్నాడు. సబిత గడపలో కూర్చొని తల దువ్వుకుంటోంది.

“శ్రీపాల్ ప్లాట్లల్ల మందెప్పుడు కొట్టినవ్? బిడ్డ వచ్చిన తెల్లారే నేను ఆడ కూర కోసిన. నేను కోసినంకనే కొట్టినవ్ గదా?”

పంపు మీద నారయ్య చెయ్యి ఆగిపోయింది.

“కోసినంకనే అనయ్యా. అబద్ధమైనా సరే, అను.”

సబిత దువ్వెన పక్కన పెట్టేసింది. చెయ్యి కడుపు మీదికి పోయింది. పంపులోంచి నీళ్లు కారి, వాకిలి దాటి, మోరీలో కలిసి, చుక్కచుక్కగా తగ్గి ఆగిపోయాయి.

“చెప్పు బాపూ,” అన్నది సబిత చివరికి.

నారయ్య తల ఎత్తలేదు.

“ఆడ కొట్టుడయినంకనే బస్టాండుకు పోయి నిన్ను తోల్కొచ్చిన బిడ్డా.”