పాదరసం ఆవిరి

భానుప్రకాశ్ కూలర్‌లోంచి మోటరు ఊడదీసేనాటికి ఎండలు ఇంకా తగ్గలేదు. అతని తల్లి శారదమ్మ విసనకర్రతో విసురుకుంటూ, "తీసుకో బిడ్డా, నాకేం గాదు. మీ నాయినకు కూలర్ ఉండెనా?" అంది.

ఇంకెప్పుడైనా అయితే కల్పలత అడ్డుపడేదే. కాని మొగుడి ముఖంలో చాలాకాలానికి కాస్త కళ కనబడింది.

భానుప్రకాశ్‌ది ఔసల పని. తాతల నాటి నుంచీ సికింద్రాబాద్ పాట్ మార్కెట్ షావుకార్లకు నగలు చేసిచ్చిన ఇల్లు. గొలుసు అతికాడంటే అతుకు ఎక్కడుందో భూతద్దం పెట్టినా దొరికేది కాదు. మిషన్ నగలొచ్చాక ఆ చేతితో ఎవరికీ పనిలేకుండా పోయింది. తెగిన గొలుసులు, వదులైన ఉంగరాలు, అవీ అప్పుడొకటి ఇప్పుడొకటి. కాప్రాలోని అద్దె ఇంట్లో ఆరిన కుంపటి ముందు కూర్చుని పొద్దంతా ఫోన్ చూసేవాడు. ఎక్కడో పరదేశంలో మనుషులు ఏటి నీళ్లకు రేకు తొట్టి పెట్టి, ఇసుక కడిగి బంగారం తీయడం అందులోనే చూశాడు. గోదావరి ఇసుకలో బంగారు రజను ఉంటుందని తండ్రి చెప్పగా చిన్నప్పుడు విన్నవాడే.

"షావుకారి ఇయ్యకుంటే ఏందే? ఏరు ఇస్తది," అన్నాడు పెళ్లాంతో.

అల్యూమినియం రేకును వంచి, రెండు చివరలూ తెరిచి ఉండేలా మనిషి పొడవు తొట్టి చేశాడు. అడుగున గరుకు రబ్బరు డోర్‌మ్యాట్ పరిచి, దానిమీద ఇనుప పట్టీలు అడ్డంగా బిగించాడు. నీళ్లు పారితే తేలిక ఇసుక పట్టీల మీదుగా దాటిపోవాలి, బరువైన బంగారం వాటి వెనకాల ఆగి మ్యాట్‌లో చిక్కుకోవాలి. గాలానికి కట్టే సీసం గుండ్లను ఆకురాయితో అరగదీసి, ఆ పొడి ఇసుకలో కలిపి వాకిట్లో పరీక్ష పెట్టాడు. కూలర్ మోటరు నీళ్లు తోడింది. ఇసుకతో పాటు సీసమూ కొట్టుకుపోయింది. మళ్లీ పెడితే మళ్లీ అంతే.

"వాలు ఎక్కువైంది," అంటూ కల్పలత తొట్టి తలకింద పెట్టిన ఇటుకల్లోంచి ఒకటి లాగేసింది.

ఈసారి మ్యాట్ దులిపితే నల్లని సీసం పొడి పళ్లెంలో రాలింది. స్టూలు మీద కూర్చున్న శారదమ్మ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. ఆ పూట ముగ్గురూ వాకిట్లోనే కూర్చుని తిన్నారు.

శారదమ్మను పక్కింటివాళ్లకు అప్పగించి, తొట్టినీ మోటరునీ పాత ఇన్వర్టరునూ బస్సులో వేసుకుని ఇద్దరూ గోదావరికి వెళ్లారు. మోకాళ్లలోతు నీళ్లలో నిలబడి, నడుములు పడిపోయేదాకా ఇసుక ఎత్తిపోశారు. తిరిగొచ్చేటప్పుడు వాళ్ల చేతిలో ఉన్నది ఒక సీసాడు నల్ల ఇసుక. అయస్కాంతంతో ఇనుప రజను లాగేస్తే, మిగిలినదాంట్లో బంగారం మెరుస్తూనే ఉంది. కాని అది పిండికన్నా మెత్తగా ఉంది. చిమటాతో పట్టుకుంటే అందదు, ఊదితే లేచిపోతుంది.

"పాదరసం పోస్తే అంటుకుంటది," అన్నాడు భానుప్రకాశ్. "తర్వాత కాస్తే పాదరసం ఎగిరిపోతది, బంగారం మిగుల్తది."

శారదమ్మ విసనకర్ర ఆపింది. "పాదరసమా? ఇంట్ల వద్దురా. మీ నాయిన సుత ఊరి బయటకు వోయి కాస్తుండె."

"నాకెరకనే అమ్మా. ఊకె ఎందుకు పరేషాన్ అయితవు? ఆవిరి బయటికే రాకుండ చేస్తున్న."

పాత ప్రెషర్ కుక్కర్ మూతకు విజిల్ ఉండే చోట రాగి గొట్టం అతికాడు. గొట్టం రెండో కొసను నీళ్ల బకెట్లో ముంచాడు. ఆవిరి గొట్టంలోంచి నీళ్లలోకి దిగి, చల్లబడి మళ్లీ పాదరసమై అడుగున చేరుతుందని అతని లెక్క. వాకిట్లోనే కాద్దామనుకున్నాడు. అంతలో వాన మొదలైంది. పట్టిన వాన విడవలేదు.

ఆగలేకపోయాడు. కుక్కర్‌ను వంటింట్లోకి తెచ్చి గ్యాస్ పొయ్యి మీద పెట్టాడు. "మీదింటోళ్లకు వాసన పోతే వంద ప్రశ్నలేస్తరు. కిటికీలు వెయ్యే," అన్నాడు.

కల్పలత కిటికీలు వేసింది. వేసి, గొడుగు తీసుకుని కూరగాయలకు పోయింది.

తిరిగొచ్చేసరికి ఇల్లంతా కాలిన రబ్బరు కంపు. ముందుగదిలో శారదమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని మంచం మీద ముడుచుకుని ఉంది. కల్పలత కిటికీలన్నీ బార్లా తెరిచింది.

"గ్యాస్కెట్ కాలింది, ఇంకేం లేదు," అంటూ భానుప్రకాశ్ అరచెయ్యి చాపాడు. అందులో ఆవగింజకన్నా పెద్దది, పెసరగింజకన్నా చిన్నది, పచ్చటి బంగారం. "చూడు, మేలిమి!"

కాలిన గ్యాస్కెట్ సందులోంచి రబ్బరు పొగ ఒక్కటే వచ్చిందని ముగ్గురూ అనుకున్నారు. పాదరసం ఆవిరికి రంగూ లేదు, వాసనా లేదు.

రాత్రికి శారదమ్మకు చలిజ్వరం వచ్చింది. "నోట్లె రాగి చెంబు నాకినట్టున్నదే," అంది దగ్గుతూ. భానుప్రకాశ్ రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. వాన జ్వరమనుకున్నారు. తెల్లారేసరికి ముసలామెకు ఊపిరి అందడం లేదు.

ఆస్పత్రిలో ప్రిసిల్లా అనే నర్సు ఆక్సిజన్ మాస్క్ పెడుతూ అడిగింది. "ఇంట్లో ఏమన్నా కాల్చిన్రా? ప్లాస్టిక్, మందు, ఏదైనా?"

"ఏం లేదు మేడం," అన్నాడు భానుప్రకాశ్. పక్కనే ఉన్న కల్పలత మణికట్టును గట్టిగా పట్టుకున్నాడు. నదిలో తవ్వినందుకు కేసు అవుతుందని అతని భయం.

కల్పలత చెయ్యి విడిపించుకుంది. "పాదరసం కాచినం, సిస్టర్. వంటింట్ల. కిటికీలు నేనే వేసిన."

"కల్పా!"

"అమ్మ సచ్చిపోతున్నదయ్యా!"

ప్రిసిల్లా పరుగున పోయి డాక్టర్‌ను తీసుకొచ్చింది. మందులు మార్చారు, గొట్టాలు వేశారు. ఊపిరితిత్తులు లోపల కాలిపోయాయని, వయసు కూడా మీదపడిందని డాక్టర్ కల్పలతకు విడిగా చెప్పాడు. భానుప్రకాశ్‌ను కూడా పక్క వార్డులో చేర్చుకున్నాడు. ఇంట్లో అడుగుపెట్టొద్దన్నాడు. పరుపులు, బట్టలు, గిన్నెలు వేటినీ ముట్టొద్దన్నాడు.

ఒకసారి శారదమ్మ మాస్క్ పక్కకు జరిపి కొడుకును పిలిపించుకుంది. "బంగారం ఎంత ఎల్లిందిరా?"

"శానా ఎల్లిందమ్మా," అన్నాడు అతను.

ఆమె తల ఊపింది. మర్నాడు పొద్దున పోయింది.

శ్మశానానికి తీసుకుపోయే ముందు బంధువుల్లో ఒక పెద్దాయన, "నోట్లె తులసాకు, ఇంత బంగారం పెట్టాలె. ఉన్నదా?" అని అడిగాడు. భానుప్రకాశ్ జేబులోంచి కాగితం పొట్లం తీసి విప్పబోయాడు. చేతులు వణికి విప్పలేకపోయాడు.

"అది వద్దు," అంది కల్పలత. ముక్కుపుడక తిప్పి ఊడదీసింది. చాలా ఏళ్లుగా తియ్యనిది, నెత్తురు చిమ్మింది. దాన్ని కొంగుతో తుడిచి అత్త నోట్లో తనే పెట్టింది.

పొట్లంలోని గింజను తర్వాత భానుప్రకాశ్ అమ్మేశాడు. ఎంతకని ఆమె అడగలేదు.

ఇప్పుడు బొల్లారంలో ఒంటిగది. కల్పలత పొద్దున్నే ఒక హాస్టల్లో వంటకు పోతుంది. భానుప్రకాశ్ చేతుల వణుకు తగ్గలేదు, తగ్గుతుందని డాక్టర్ కూడా గట్టిగా చెప్పలేదు. చాయ్ గ్లాసు పట్టుకుంటే సగం ఒలుకుతుంది.

మొన్న ముసురు పట్టిన సాయంత్రం గడపలో కూర్చుని, "ఆ దినం వాన రాకపోయుంటే..." అన్నాడు.

"అత్తమ్మ వద్దనే చెప్పింది," అంది కల్పలత.

ఆమె చాయ్ పోసుకొచ్చి పక్కన కూర్చుంది. గ్లాసు అతని చేతికివ్వకుండా తనే పట్టుకుని తాగించింది.